బాబూరావు ఇంటి సెప్టిక్ ట్యాంకు

బాబూరావు ఫోన్‌లో చెప్పిన పని చాలా చిన్నది.

"బాత్రూమ్‌ల బేసిన్ రెండు ఫీట్లు లేపాలె తబితమ్మా. నీళ్లు కిందికి పోతలేవు. ఎత్తు చేస్తే వాటంతట అవే జారుతయి. ఒక్క రోజు పని. రేపు రా."

తబితా వస్తానంది.

కారేపల్లి దాటి అడవి వైపు మూడు కిలోమీటర్లు పోతే తండా వస్తుంది. తండా మొదట్లో పసుపు రంగు వేసిన ఇల్లు బాబూరావుది. ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య మంగమ్మ ఎకరం మిరపతోట చూసుకుంటుంది. ఒక్కతే కూతురు సంగీత, ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు.

తబితా తాపీ మేస్త్రీ. నలభై నాలుగేళ్లుంటాయి. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఇటుకలు మోస్తారు, సిమెంటు మాలు కలుపుతారు, కొత్త గోడలకు నీళ్లు కొడతారు. తాపీ మాత్రం పట్టరు. తబితా కూడా పదిహేనేళ్లు తట్టలే మోసింది. భర్త యేసుదానం పని చేయలేని స్థితికి వచ్చాక అతని తాపీ తన చేతికి తీసుకుంది. మొదట్లో ఇల్లు కట్టమని ఎవరూ పిలవలేదు. ఆడమనిషి కట్టిన గోడ నిలబడుతుందా అన్నారు. మిగతా మేస్త్రీలు ముక్కు మూసుకునే పనులు మాత్రం ఇచ్చారు. మరుగుదొడ్లు, మోరీలు, సెప్టిక్ ట్యాంకులు. ఆమె ఒక్కటీ కాదనలేదు. ఆరేళ్లు తిరిగేసరికి ఆ పనిలో ఆమెకు ఎంత చూపు వచ్చిందంటే, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, భూమి లోపల ఏం జరుగుతోందో చెప్పేది.

ఆ రోజు కూడా ఆమె నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్లలేదు. స్కూటీ ఆపి ఇంటి వెనక్కి నడిచింది. బాబూరావుకు అది నచ్చలేదు.

"పని లోపల తబితమ్మా. అటెటు పోతున్నవ్?"

"చూసొస్త అన్నా."

ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు పైకప్పు మీద మంగమ్మ కూర్చుని ఉంది. చుట్టూ మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. చదునుగా, ఎండ బాగా తగిలే చోటు కాబట్టి ఏటా అక్కడే ఆరబోస్తుంది. తాలు కాయలు ఏరుతూ తబితాను చూసి నవ్వింది. పక్కనే ఇంకుడు గుంత. దాని చుట్టూ అరటి మొక్కలు ఏపుగా పెరిగి, ఆకులు నల్లపచ్చగా నిగనిగలాడుతున్నాయి. ప్రహరీ అవతల రామ్‌సింగ్ పొలం. యాసంగి వరి నాటు వేసి నీళ్లు కట్టారు.

తబితా చెప్పు విడిచి పాదంతో అరటి మొక్కల దగ్గర నేల నొక్కింది. ఊళ్లో వాన పడి రెండు నెలలైంది. నేల మాత్రం పాదం కింద మెత్తగా దిగింది. కాలివేళ్ల గుర్తుల్లోకి నల్లటి నీరు ఊరింది.

"వదినె, ఈ చెట్లకు నీళ్లు పోస్తరా?"

"ఎవరు పోస్తరు చెల్లె? వాటంతట అవే పెరుగుతున్నయి. గెలలు చూస్తే కండ్లు తిరుగుతయి."

తబితా సుత్తి పిడితో పైకప్పు మీద అక్కడక్కడా తట్టింది. అంచుల దగ్గర ఖంగుమంది. మంగమ్మ కూర్చున్న నడిమి భాగంలో మాత్రం డొల్లగా, పగిలిన కుండ మీద తట్టినట్టు మోగింది.

"వదినె, లేచి ఇటు రా. మిరపకాయలు తర్వాత తీద్దాం. ముందు నువ్వు రా."

ఆ గొంతులో ఏదో విని మంగమ్మ మారు మాట్లాడకుండా లేచి వచ్చింది.

అప్పుడు తబితా ఇంట్లోకి వెళ్లింది. వంటగది సింకులో ఒక చెంబు, స్నానాల గదిలో ఒక బకెట్టు, మరుగుదొడ్డిలో ఒక బకెట్టు నీళ్లు పోసి, ఒక్కోచోట నిలబడి చూసింది. మూడు చోట్లా నీళ్లు సుళ్లు తిరిగి, ఆగి, గుడగుడమని బుడగలు వదిలి మెల్లగా దిగాయి.

"ఒక్క చోట ఆగితే పైపుల ఏదో అడ్డం పడ్డట్టు అన్నా. పొడిస్తే పోతది. అన్ని చోట్ల ఆగుతున్నయంటే లోపం పైపుల లేదు. ట్యాంకు ఎప్పుడు తీపిచ్చిండ్రు?"

బాబూరావు నోరు విప్పేలోపే మంగమ్మ అందుకుంది. "మొదట్ల ఐదేండ్లకోసారి తీపిస్తుంటిమి. తర్వాత ఏడాదికోసారి. మొన్న దీపావళికి తీపిస్తే నెల తిరగకముందే నిండె. మల్ల తీపిచ్చినం. ఇప్పుడు తీపిచ్చి పదిహేను రోజులు కాలే."

"ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"ఎవరున్నరు? మేమిద్దరమే."

"అన్నా, ఆ ట్యాంకు పది ఫీట్ల పొడవు, ఆరు ఫీట్ల వెడల్పు, లోతు ఏడు ఫీట్లకు తక్కువుండదు. ఇద్దరు మనుషులు పదిహేను రోజులల్ల దాన్ని నింపుతరా? సగం గూడ కాదు. మరి మిగిలిన నీళ్లు ఎక్కడివి?"

బాబూరావు తల తిప్పి ఇంటి వెనక్కి చూశాడు.

"ట్యాంకు నిండుడు తప్పు కాదు. నిండుగనే ఉండాలె. పైన తేరిన నీళ్లు ఇంకుడు గుంతల పడి భూమిల ఇంకాలె. నీ గుంత ఇంకుతలేదు, అందుకే అరటి చెట్ల కాడికి ఉబికొస్తున్నది. ట్యాంకేమో బయటి నీళ్లు లోపలికి గుంజుతున్నది. పైకప్పుల చువ్వలు తుప్పు పట్టి అడుగు పెచ్చులు రాలింది. బేసిన్ లేపితే ఇవేవీ ఆగవు. ఈ ట్యాంకు పనైపోయింది అన్నా. కొత్తది కట్టాలె."

బాబూరావు మొహం ఎర్రబడింది.

"ఒక్క రోజు పనికి పిలిస్తే ఇరవై రోజుల పని చూపెడుతున్నవ్. ఇది ఎవరు కట్టిండ్రో తెల్సా? నేను కట్టిన. మా అన్న, నేను. సంగీత పుట్టిన ఏడు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి నా చేతులతోని మాలు కలిపిన. తండాలనే మొదటి బాత్రూమ్ ఇది. ఊరంతా వచ్చి చూసి పోయిండ్రు."

"కట్టుడు బాగనే కట్టిండ్రు. ఇరవై ఏడేండ్లు ఆగింది. అంతకంటే ఏం కావాలె?"

"బేసిన్ లేపుతవా లేపవా?"

"లేప," అంది తబితా. గొంతు పెంచలేదు. "నా మాట నమ్మొద్దు. ఇంకొక్కసారి ట్యాంకరును పిలువుండ్రి. తీసినంక ఒక్క పగలు, ఒక్క రాత్రి ఇంట్ల చుక్క నీళ్లు పోయకుండ్రి. ట్యాంకు ఖాళీగనే ఉంటే తప్పు నాదే. వచ్చి ఊరికే బేసిన్ లేపి పోత."

ఆ మాట మీద బాబూరావు మెత్తబడ్డాడు. పందెం ఆయనకు నచ్చింది.

మూడో రోజు ట్యాంకరు వచ్చింది. డ్రైవరు జస్టిన్ గొట్టం దించి మోటారు వేసి గంటలో అంతా లాగేశాడు. మూత తెరిచే ఉంది. తబితా అందరినీ దూరం జరగమని, సంచిలోంచి గుండ్రటి అద్దం తీసింది. నాలుగడుగుల దూరంలో నిలబడి అద్దాన్ని ఎండకు పట్టి, వెలుతురును మూత రంధ్రంలోంచి లోపలికి పంపింది. బిళ్లంత వెలుగు లోపలి గోడ మీద మెల్లగా పాకింది.

"అన్నా, మూత మీదికి వంగకుండ్రి. ఈడ నిలబడి పొలం దిక్కు గోడ చూడుండ్రి."

గోడకు పూసిన సిమెంటు గిలాబా చాలా చోట్ల ఊడిపోయింది. ఇటుకలు అంచులు అరిగి, తడిసిన బెల్లపు ముక్కల్లా ఉన్నాయి. రెండు ఇటుకల మధ్య నుంచి ఎర్రటి బురద నీరు సన్నగా జారుతోంది. అడుగున కాంక్రీటు లేదు. మట్టే.

"అడుగు బెడ్ వేయలేదా అన్నా?"

"ఆ రోజులల్ల ఎవరూ వెయ్యకపోతుండె," అన్నాడు బాబూరావు నెమ్మదిగా. "అది గోడ తడే కావచ్చు," అని కూడా అన్నాడు.

తబితా వాదించలేదు. వెదురు కర్ర ఒకటి తెప్పించి, తాడు కట్టి లోపలికి దించి, అడుగున మిగిలిన తడి ఎంతవరకు తగిలిందో అక్కడ కత్తితో గాటు పెట్టి బాబూరావు చేతికి ఇచ్చింది. మూత మూయించి, పైన ఎవరూ నడవకుండా చుట్టూ కంప వేయించింది. దంపతులిద్దరూ ఆ పూట ఖమ్మం బస్సెక్కి కూతురి గదికి వెళ్లిపోయారు. ఇంటికి తాళం.

మర్నాడు పొద్దున్నే బాబూరావు ఒక్కడే వచ్చాడు. తబితా అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. మూత తీసి, కర్ర దించి, పైకి లాగాడు. గాటు మీద జానెడున్నర తడి. ఇంకోసారి దించాడు. అంతే తడి. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ లేరు, కుళాయి తిప్పినవాళ్లు లేరు, వాన లేదు. పొలంలో నీళ్లు మాత్రం ఉన్నాయి.

ఆయన కర్రను గోడకు ఆనించాడు.

"యాసంగిల పొలం నీళ్లు లోపలికి వస్తున్నయి," అంది తబితా. "ఎండకాలం పొలం ఎండినంక లోపలియి బయటికి పోతయి. మీ బోరు ఎంత దూరం?"

బోరు అక్కడే, పన్నెండడుగుల దూరంలో ఉంది. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు.

"ప్లాస్టరింగ్ చేపిస్తే ఆగదా?" అన్నాడు చివరికి.

"దేనికి చేస్తం అన్నా? ఇటుకలే మెత్తబడ్డయి. సిమెంటు దేన్ని పట్టుకుంటది? అడుగు మట్టి. పైకప్పు ఏ రోజు కూలుతదో తెల్వదు. దాంట్లకు మనిషి దిగొద్దు."

"ఆలోచించి చెప్త."

తబితా తలూపి వెళ్లిపోయింది. ఆమెకు ఆ నెల చేతిలో వేరే పని లేదు. బేసిన్ లేపి ఉంటే ఆ కూలితో ఇల్లు మూడు రోజులు గడిచేది. ఆ ఆలోచన దారిలో ఒకసారి వచ్చింది, పోయింది. బేసిన్ లేపితే నీళ్లు ఆరు నెలలు బాత్రూమ్‌లోకి తన్నకపోవచ్చు. ఆ ఆరు నెలలూ ఎక్కడికి పోవాలో అక్కడికే, ఆ బోరు దిక్కుకే పోతాయి. అలాంటి పని ఆమె చేయదు.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పొద్దున పది గంటలకు మంగమ్మ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"చెల్లె, దూలయ్య మేస్త్రీ వచ్చిండు. నిన్న ట్యాంకు మల్ల తీపిచ్చిండ్రు. లోపలికి దిగి ప్లాస్టరింగ్ చేస్తనంటున్నడు. మీ అన్న సరే అన్నడు. నిచ్చెన తెస్తున్నరు. నాకు భయమైతున్నది."

"ఎట్లైనా ఆపు వదినె. మాలుకు నీళ్లు లేవని చెప్పు, మోటారు బంద్ చెయ్యి. ఏదన్న చెయ్యి. పది నిమిషాలల్ల వస్తున్న."

ఫోన్ పెట్టేసి స్కూటీ తాళం కోసం వెతికింది. గడపలో కూర్చుని ఆమె తాపీలు కడుగుతున్న యేసుదానం తలెత్తి చూశాడు. అన్నీ విన్నాడు.

యేసుదానం ఒకప్పుడు కారేపల్లిలో పేరున్న మేస్త్రీ. గోడకు అతను దారం కడితే ఇంకొకరు సరిచూడనక్కర లేదనేవారు. ఏడేళ్ల కింద కుసుమంచి వైపు ఒక ఇంట్లో పాత సెప్టిక్ ట్యాంకులో దిగాడు. నిన్ననే ఖాళీ చేయించామని ఇంటాయన చెప్పాడు. మూత రాత్రంతా తీసే ఉంది. దిగిన నిమిషంలోపే పడిపోయాడు. పైన మాలు కలుపుతున్న తబితాకు చప్పుడు వినిపించింది. ఆమె కూడా దిగబోతే ఎవరో నడుం పట్టుకుని లాగారు. లేకపోతే ఇద్దరూ పోయేవారు. కొక్కేలు వేసి అతణ్ని బయటికి తీసేసరికి ఊపిరి సన్నగా కొట్టుకుంటోంది. దవాఖానాలో నలభై రోజులున్నాడు. బతికాడు. కానీ కుడిచేయి స్థిరంగా నిలవదు. మాట ముద్దగా, ఆగి ఆగి వస్తుంది.

ఆ రోజు తర్వాత అతను ఏ ట్యాంకు దగ్గరకూ వెళ్లలేదు. ఇప్పుడు మాత్రం తాపీ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"నేను వస్త," అన్నాడు.

"నువ్వెందుకు? నువ్వుండు."

"నేను... వస్త."

ఆమె అతణ్ని వెనక ఎక్కించుకుంది.

వాళ్లు చేరేసరికి దూలయ్య చొక్కా విప్పి, తువ్వాలు ముక్కుకు చుట్టుకుని ఉన్నాడు. మంగమ్మ మోటారు ఫ్యూజు పీకి దాచిపెట్టినా, పక్కింటి నుంచి రెండు బిందెలు తెచ్చి మాలు కలిపేశారు. నిచ్చెన పై మెట్టు మూత రంధ్రంలోంచి కనిపిస్తోంది. దూలయ్య ఒక కాలు దాని మీద పెట్టాడు.

"దూలయ్యన్నా, ఆగు!"

దూలయ్య వెనక్కి తిరిగి విసుక్కున్నాడు. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్ల పనితనం. "నీ పని నేను గుంజుకున్ననని వచ్చినవా తబితా?"

"పని నువ్వే చేసుకో. పైన నిలబడి చెయ్యి. దిగకు."

"నిన్ననే తీపిచ్చిండ్రు. రాత్రంతా మూత తీసే ఉన్నది. వాసన గూడ లేదు. నీ కంటే ఎక్కువ ట్యాంకులు చూసిన."

"వాసన లేదంటేనే భయపడాలె అన్నా. లోపలి విషపు గాలి ఎక్కువైతే ముక్కు పని చెయ్యదు." తబితా వచ్చి నిచ్చెనను రెండు చేతులా పట్టుకుంది. దూలయ్య కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. బాబూరావు ఏం చేయాలో తోచక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

అప్పుడు యేసుదానం ముందుకు వచ్చాడు. దూలయ్యకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"దూలయ్యన్నా. నేను... దిగిన." మాటకూ మాటకూ మధ్య అందరూ ఆగారు. "మూడు మెట్లు... యాదికున్నయి. నాలుగోది... యాదికి లేదు."

కుడిచేయి ఎత్తి చూపించాడు. అది గాలిలో తనంతట తానే వణుకుతోంది. ఆపాలని ఎడమ చేత్తో పట్టుకున్నా ఆగలేదు.

దూలయ్య ఆ చేతిని చూశాడు. ఆ చెయ్యి అతనికి తెలుసు. పదేళ్ల కింద ఇద్దరూ ఒకే బడి గోడ చెరో చివర నుంచి కడుతూ వచ్చారు. సాయంత్రానికి యేసుదానం ఎప్పుడూ నాలుగు గజాలు ముందుండేవాడు. దూలయ్య ముక్కుకు కట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, కాలు మెల్లగా వెనక్కి తీశాడు. తబితా నిచ్చెనను పైకి లాగి నేల మీద పడుకోబెట్టింది.

మంగమ్మ లోపలికి వెళ్లి యేసుదానానికి కుర్చీ తెచ్చి వేసింది. బాబూరావు మెట్ల మీద కూలబడ్డాడు.

"మా డిపోల ఒక బండి ఉండె," అన్నాడు కొంతసేపటికి, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. "బ్రేకు సరిగ పడకపోతుండె. ఇంకో నెల నడుస్తది తీసుకపో అన్నరు. నేను తీయ అన్న. మెమో ఇచ్చినా తీయలే. యాభై మంది ఎక్కే బండి అది. ఆ రోజు గంత గట్టిగ నిలబడ్డ నేను..." దూలయ్య వైపు చూశాడు. "నా ఇంటి గుంతల మనిషిని దింపనీకె ఒప్పుకున్న. నేను కట్టిందని."

"నేనే వస్తనన్న గదా సారూ," అన్నాడు దూలయ్య.

"నువ్వు వస్తనంటవ్. వద్దని చెప్పేది నేను." బాబూరావు లేచి తబితా ముందు నిలబడ్డాడు. "చెల్లె, కొత్తది కట్టు. ఎక్కడ కడతవో, ఎట్ల కడతవో నీ ఇష్టం. నేను అడ్డం రాను."

ఆ ఆదివారం సంగీత వచ్చింది. తబితా ఫోన్‌లో అడిగినట్టే, నీళ్లు పరీక్ష చేసే చిన్న సీసా తెచ్చింది. బోరు నీళ్లు గీత వరకు పోసి మూత బిగించి కిటికీలో పెట్టింది. నీళ్లల్లో మలం కలిసి ఉంటే నల్లబడుతుందని తల్లికి చెప్పింది. రెండో రోజు సాయంత్రానికి సీసా బొగ్గులా నల్లగా మారింది.

మంగమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ఏడాదిగా ఆమెకు కడుపునొప్పి. నెలకు రెండు మూడుసార్లు విరేచనాలు. మిరప తోటలో ఎండకు తిరగడం వల్లని, కారం ఎక్కువ తింటుందని, వయసని రకరకాలుగా అనుకున్నారు. పంచాయతీ వదిలే నల్లా నీళ్లు చప్పగా ఉంటాయని ఆమె తాగేది బోరు నీళ్లే. బాబూరావు చాయ్ తప్ప నీళ్లు పెద్దగా తాగేవాడు కాదు.

"ఎందుకు చెప్పలేదమ్మా నాకు?" అంది సంగీత.

"కడుపు నొస్తే చెప్పుకుంటరా బిడ్డా," అంది మంగమ్మ. తర్వాత తనే వెళ్లి వంటింట్లో బిందెలో ఉన్న బోరు నీళ్లు వాకిట్లో పారబోసి వచ్చింది.

తబితా స్థలం వెతకడానికి ఒక పూట తీసుకుంది. పాత చోట వద్దంది. బోరు ఇంటి వెనక ఉంది కాబట్టి, ట్యాంకు ఇంటి ముందు ఎడమవైపు, నేల వాలు దిగే దిక్కున పెట్టింది. బోరుకు అది అరవై అడుగుల పైచిలుకు దూరం. ఇంకుడు గుంత ఇంకా అవతల. అక్కడ ముందుగా మోకాలి లోతు గుంట తీసి బిందెడు నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో గడియారం పెట్టుకుని చూసింది. ఎర్రమట్టి చక్కగా తాగింది. అప్పుడు ముగ్గు పోసింది.

గోడలకు ఇంకో చెయ్యి కావాలి. ఆమె దూలయ్యకు ఫోన్ చేసింది. "నీ కింద పని చెయ్యమంటవా?" అన్నాడు దూలయ్య.

"నా పక్కన," అంది తబితా.

మర్నాడు ఏడింటికల్లా వచ్చాడు. మొదటి రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రోజు, అడుగున చువ్వలు పరిచి ఆరంగుళాల కాంక్రీటు బెడ్ వేస్తున్నప్పుడు, "నేను కట్టినవాటిల సగానికి అడుగు లేదు," అన్నాడు తనంతట తానే. లోపల అడ్డగోడతో రెండు అరలు కట్టారు. మొదటి అరలో బురద ఆగి రెండో అరలోకి తేరిన నీళ్లే పోవాలి. గాలి గొట్టం ఇంటి కప్పుకు పైదాకా లేపారు. రెండు అరలకూ మనిషి దిగే అవసరం లేకుండా, పైనుంచే గొట్టం దించేలా వేర్వేరు మూతలు పెట్టారు. యేసుదానం రోజూ వచ్చి వేపచెట్టు నీడలో కుర్చీలో కూర్చునేవాడు. ఒకసారి లేచి వచ్చి గోడ మూల చూపుడువేలితో తాకి, "బయటికి... పోయింది," అన్నాడు. దూలయ్య దారం పట్టి చూస్తే అరంగుళం పక్కకు పోయింది. మూడు వరుసలు విప్పి మళ్లీ కట్టాడు.

గిలాబా ఆరాక ట్యాంకు నిండా నీళ్లు పట్టి, మట్టం దగ్గర సుద్దతో గీత గీసి, రెండు రోజులు వదిలేశారు. బాబూరావు ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు వెళ్లి చూశాడో లెక్క లేదు. గీత దగ్గరి నుంచి నీళ్లు వేలి మందం కూడా దిగలేదు. మూడో రోజు పైకప్పు వేసి, పైపులు కలిపారు. వంటింట్లో, స్నానాల గదిలో, మరుగుదొడ్డిలో ఒకేసారి నీళ్లు వదిలారు. ఏ చప్పుడూ లేకుండా జారిపోయాయి. మంగమ్మ ఇంకో బకెట్టు పోసి మళ్లీ విన్నది.

పాత ట్యాంకును చివరిసారి తీయించి, సున్నం చల్లి, పైకప్పును దూరం నుంచి సమ్మెటతో కొట్టారు. మూడో దెబ్బకే నడిమి భాగం, మంగమ్మ కూర్చునే చోటు, విరిగి లోపల పడింది. అందులోంచి బయటపడ్డ చువ్వలు పుల్లల్లా సన్నబడి ఉన్నాయి. మంగమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బాబూరావు ట్రాక్టరు మట్టి తెప్పించి, మొదటి పారెడు తానే పోశాడు. తనతో కలిసి దాన్ని కట్టిన అన్న గుర్తొచ్చాడో ఏమో, ఒక క్షణం పార మీద ఆనుకుని నిలబడ్డాడు. మళ్లీ పోయడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆ చోటు చదునైంది.

బోరులో బ్లీచింగ్ మందు కలిపి, నీళ్లు రెండు రోజులు బయటికి వదిలేశారు. నెల రోజుల తర్వాత సంగీత తెచ్చిన సీసా ఇంకా కొద్దిగా నల్లబడింది. ఆ తర్వాతి నెల తెచ్చిన సీసా మారలేదు. అప్పటికే మంగమ్మ నల్లా నీళ్లకు అలవాటు పడింది. కడుపునొప్పి మాట ఆమె నోట మళ్లీ వినిపించలేదు.

బాబూరావుకు మాత్రం ఇంకో పని దొరికింది. పొద్దున నడకకు పోయినప్పుడు తండాలో ఒక్కో ఇంటి వెనక్కి తొంగి చూడటం మొదలుపెట్టాడు. ఎక్కడ గడ్డి ఎండాకాలం పచ్చగా ఉంది, ఎవరు ఏడాదిలో రెండుసార్లు ట్యాంకరును పిలిచారు, ఎవరి ట్యాంకు బోరు పక్కనే ఉంది, అన్నీ ఆయనకు తెలుసు. కొందరు నవ్వారు. కొందరు విసుక్కున్నారు. రామ్‌సింగ్ మాత్రం ఒక రోజు తనే వచ్చి, "మా ఇంట్ల గూడ గుడగుడమంటున్నది, జర చూడు," అన్నాడు.

బాబూరావు చూశాడు. అక్కడి నుంచే తబితాకు ఫోన్ చేశాడు.

"చెల్లె, రామ్‌సింగ్ ఇల్లు. మూడు చోట్లా నీళ్లు ఆగుతున్నయి. ట్యాంకు కట్టి ఇరవై రెండేండ్లైతదట. పైకప్పు మీద తట్టిన, డొల్లగ మోగుతున్నది. మొన్న ఉగాదికి తీపిచ్చిండ్రు, నెల గూడ కాలే."

తబితా ఆ సమయంలో యేసుదానానికి అన్నం వడ్డిస్తోంది. ఫోన్ చెవికి ఆనించుకునే కూర వేసింది.

"అవ్ అన్నా, అర్థమైంది. రేపు పొద్దున వస్త. ఒక పూట చూసినంకనే చెప్త, కొత్తది కావాల్నా, బాగైతదా అని. అప్పటిదాంక పైకప్పు మీద ఎవర్నీ నడవనీయకుండ్రి. లోపలికి మాత్రం ఎవ్వర్నీ దిగనీయకుండ్రి."

"దిగనిస్తనా?" అన్నాడు బాబూరావు.